కరగక కలిసిన కణములు

లోహమును కరగించి పోతపోయవచ్చును. కొయ్యను కోసి అతుకవచ్చును. శిలను ఉలితో చెక్కవచ్చును. కాని సామాన్యపు కొలిమికి కరగక, రంపమునకు తెగక, ఉలి తగిలినచో పెళ్లున పగులు పదార్థములు కొన్ని కలవు. అల్యూమినా, సిలికాన్ కార్బైడు, బోరాన్ కార్బైడు, జిర్కోనియా అట్టివి. వీనిని సిరామిక్కులందురు. కుమ్మరి కాల్చిన కుండయు, పింగాణీ గిన్నెయు ఈ కుటుంబములోనివే. అయినను కాఠిన్యమున పై నాలుగును కుండకు ఎంతయో మీదివి. వానిలో బోరాన్ కార్బైడు వజ్రమునకు చాల దగ్గరగా నిలుచును.

ఇట్టి పదార్థమును పొడి రూపమున సంపాదించుట అంత కష్టము కాదు. ఆ పొడిని ఒక పలకగనో, ఒక పనిముట్టుగనో మలచుటయే కష్టము. కరగించి పోయుటకు వీలులేని పొడి ముద్దయగుట యెట్లు? ఈ ప్రశ్నకు తొలి సమాధానము విశాఖపట్టణపు ఉక్కు కర్మాగారములో, మిక్కిలి పెద్ద యెత్తున, కన్నులకు కనబడును.

విశాఖలో ఇనుప ధూళి

విశాఖపట్టణమున ఉక్కు కర్మాగారము నెలకొల్పవలెనని 1966లో ఆంధ్రులు మహోద్యమము సాగించిరి. అందు ప్రాణములు కోల్పోయినవారును కలరు. 1971 జనవరి 20వ తేదీన శంకుస్థాపన జరిగెను. 1990లో గోదావరి యని పేరుపెట్టిన మొదటి బ్లాస్టు ఫర్నేసు పని ప్రారంభించెను. 1992 ఆగస్టు 1వ తేదీన కర్మాగారము జాతికి అంకితమయ్యెను. దీనికి వలయు ఇనుప ఖనిజము బస్తరు సీమలోని బైలడిల్లా కొండల నుండి వచ్చును.

ఖనిజమును త్రవ్వి పగులగొట్టునప్పుడు చాల భాగము పొడియగును. ఆ పొడిని నేరుగా ఫర్నేసులో పోసినచో సందులన్నియు పూడిపోవును; క్రిందినుండి ఊదు వేడిగాలి పైకి పోజాలదు. ఊపిరాడని కొలిమి పనిచేయదు. పోనిమ్మని పొడిని పారవేసినచో ఖనిజము వ్యర్థమగును. అందుచేత దానిని ముందుగా సింటర్ ప్లాంటునకు పంపుదురు. అచట పొడిలో సున్నపురాయిని, డోలమైటును, కోకు బొగ్గు నుసిని చేర్చి, నీటితో తడిపి, కదలుచుండు ఇనుప బండ్ల వరుసపై పరతురు. మొదట నెలకొల్పిన రెండు యంత్రములలో ఒక్కొక్కదాని వైశాల్యము 312 చదరపు మీటర్లు. పై పొరకు నిప్పంటించి క్రిందినుండి గాలిని పీల్చుదురు. మంట మెల్లమెల్లగా క్రిందికి దిగును. సుమారు 1,300 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో రేణువుల అంచులు మెత్తబడి, సున్నముతో కలిసి కొంచెము కరగి, ఒకదానినొకటి పట్టుకొనును. యంత్రపు కొసకు చేరునప్పటికి ధూళి గట్టి గడ్డయై యుండును.

పొడిని పూర్తిగా కరగనీయక, వేడిచేత అతుకుకొనునట్లు చేయు ఈ పనికే సింటరింగు అని పేరు. ఫర్నేసుకు వలసినది గాలి చొరగల గడ్డ కావున, అందలి రంధ్రములు గుణమే కాని దోషము కాదు. సిపాయి రొమ్మునకు అడ్డముగా నుండు కవచపు పలకలో మాత్రము, ఉక్కును చెక్కు పనిముట్టులో మాత్రము, కంటికి కనబడని రంధ్రమును అపాయమే. విశాఖలోని గడ్డకు, ఆ పలకకు నడుమ నున్న దూరమును దాటుటకు మానవుడు పడిన శ్రమయే కఠిన సిరామిక్కుల చరిత్ర.

తామరాకుమీది బిందువులు

తామరాకుమీద రెండు నీటిబిందువులు దొర్లి ఒకదానినొకటి తాకినచో, రెండును ఒక్కటగును. ఏలయన, రెండు చిన్న బిందువుల ఉపరితలములు కలిసి ఎంత విస్తీర్ణమగునో, వానినుండి పుట్టిన ఒక్క పెద్ద బిందువు ఉపరితలము అంతకన్న తక్కువ. ఉపరితలమును తగ్గించుకొనుటకు ప్రతి పదార్థమును ప్రయత్నించును. అల్యూమినా రేణువులకును ఈ కోరిక కలదు. కాని అవి ఘనములు, నీటివలె పారజాలవు. వేడి యెక్కిన కొలదిని అందలి పరమాణువులు చోటు మారుటకు శక్తి పొందును. రెండు రేణువులు తాకినచోట సన్నని మెడ యేర్పడును. మెడ లావెక్కును. నడుమనున్న సందులు కుంచించుకొనిపోవును. అల్యూమినా కరగుటకు సుమారు 2,050 డిగ్రీలు కావలెను. అతుకుకొనుటకు 1,600 డిగ్రీల ప్రాంతము చాలును.

సందులు పూడిన కొలదిని వస్తువంతయు చిన్నదగును. అచ్చులో నొక్కిన పొడిబిళ్ల కొలిమినుండి వెలువడునప్పటికి ప్రతి వైపునను సుమారు ఆరవ వంతు కుంచించుకొనిపోవుట సాధారణము. 1971లో హైదరాబాదున నెలకొల్పిన అణు ఇంధన సంస్థలో యురేనియం ఆక్సైడు పొడిని చిన్న చిన్న బిళ్లలుగా నొక్కి, హైడ్రోజను వాయువు నడుమ 1,700 డిగ్రీల ప్రాంతమున కాల్చి గట్టిపరచుట ఈ మార్గముననే.

కాని వేడి మేలుతోపాటు కీడును తెచ్చును. పెద్దచేప చిన్నచేపను మ్రింగినట్లు, చిరకాలము కాలిన బిళ్లలో పెద్ద రేణువులు చిన్నవానిని తమలో కలుపుకొని బలియును. రేణువులు బలిసిన సిరామిక్కు బలము తగ్గును. ఇనుపకడ్డీని వంచినచో వంగును. అందలి పరమాణువుల వరుసలు ఒకదానిపై నొకటి జారును. సిరామిక్కులలో ఆ జారుడు లేదు. ఎచటనో ఒక చిన్న బీట యున్నచో, బలమంతయు దాని మొనయందే చేరి, బీట ఈ కొసనుండి ఆ కొసకు పరుగెత్తును. గాజు కోయువాడు పలకమీద ఒక్క గీత గీసి, వ్రేళ్లతో అవలీలగా విరుచుట అందరును చూచినదే. గీతకు అంత బల మెట్లు వచ్చినదో ఇంగ్లండున గ్రిఫిత్ 1921లో గణితముచేత నిరూపించెను.

కాఠిన్యమును, పెళుసుదనమును ఇట్లు కవలలై పుట్టినవి. వానిని విడదీయుటకు రెండు త్రోవలు కనుగొనబడినవి. బీటను ఆపగల మరియొక పదార్థమును తోడుచేయుట ఒకటి. రేణువులు బలియుటకు వ్యవధి లేకుండ, క్షణములలో పని ముగించుట రెండవది.

సున్నుండయు, కత్తిమొనయు

మినపపిండి తనంతట ఉండ కాదు. నేయి తగిలినప్పుడే సున్నుండ యగును. 1923లో బెర్లిను నగరమున ఆస్రాం దీపముల సంస్థలో కార్ల్ ష్రోటర్ చేసిన పని ఇట్టిదే. విద్యుద్దీపములకు వలయు సన్నని టంగ్‌స్టన్ తీగెను వజ్రపు అచ్చులగుండ లాగుచుండిరి. వజ్రము ఖరీదైనది. దానికి బదులు టంగ్‌స్టన్ కార్బైడు పొడిలో కొంచెము కోబాల్టు లోహమును కలిపి 1,400 డిగ్రీల ప్రాంతమున కాల్చిరి. కోబాల్టు కార్బైడును కొంత తనలో కలుపుకొని ద్రవమై, రేణువుల సందులలోనికి ప్రాకి, చల్లారునప్పుడు వానిని బిగించెను. కఠినమైన రేణువు రాపిడికి ఓర్చును. నడుమనున్న లోహము బీటను ఆపును. క్రుప్ సంస్థ దీనిని విడియా అను పేర విక్రయించెను. వజ్రమువంటిది అను అర్థముగల జర్మను మాటలనుండి ఆ పేరు పుట్టినది. నేడు బోరుబావులు త్రవ్వు యంత్రముల మొనలయందును, లేతుమీద ఉక్కును చెక్కు పనిముట్లయందును ఉన్నది ఈ జాతి పదార్థమే.

ఉక్కు కాచు కన్వర్టర్ల లోపలి గోడకు మరియొక జంట కావలసివచ్చెను. 1,600 డిగ్రీలకు మించిన ద్రవపు ఉక్కును, దానిపై తేలు చిట్టెమును ఆ గోడ గంటలతరబడి భరింపవలెను. ఉక్కు పోసినప్పుడు కాగును. ఖాళీ యైనప్పుడు చల్లారును. కేవలము మెగ్నీషియా ఇటుక ఈ తాపపు దెబ్బకు పగులును. అందుచేత మెగ్నీషియాలో గ్రాఫైటును కలిపిన ఇటుకలను నేడు వాడుదురు. గ్రాఫైటు వేడిని త్వరగా పంచును. చిట్టెమును లోనికి ఇంకనీయదు. ఉక్కు నగరపు ఉక్కు ఇట్లు మిశ్రమ సిరామిక్కు ఒడిలోనే పుట్టుచున్నది.

కోనసముద్రపు మూస

సిరామిక్కునకు కర్బనమును తోడుచేయు ఉపాయము తెలుగు నేలకు క్రొత్తది కాదు. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రము ఒకప్పుడు మేలిరకపు ఉక్కునకు పేరెన్నికగన్న గ్రామము. ఇచటి ఉక్కు ముద్దలను పారశీక వర్తకులు కొనిపోవుచుండిరి. ఆ దేశపు పేరుమోసిన కత్తులు ఈ జాతి ఉక్కుతో చేసినవే. హెన్రీ వాయిసీ అను వైద్యుడు, భూగర్భశాస్త్రజ్ఞుడు, ఇచటి పనిని స్వయముగ చూచి వ్రాసెను. ఆయన 1824లో మరణింపగా, ఆ రచన 1832లో ప్రకటితమయ్యెను.

ఆ ఉక్కును మూసలలో కాచెడివారు. ఇనుమును మూసలోనుంచి, మూతపెట్టి, మట్టితో మెత్తి, బొగ్గుల కొలిమిలో దాదాపు ఒక పగలును ఒక రాత్రియు కాచుదురు. చల్లారిన పిమ్మట మూసను పగులగొట్టి ఉక్కుముద్దను తీసికొందురు. ఉక్కు దేశాంతరములకు పోయెను. పెంకులు ఊరిప్రక్క దిబ్బలయ్యెను. కత్తిని పొగడినవారు మూసను తలపలేదు.

1980ల చివరను, 1990ల తొలి యేండ్లలోను అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్లీ శాఖలో థెల్మా లో మొదలగు పరిశోధకులు ఆ పెంకులను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శని క్రింద పరీక్షించిరి. మూస మట్టిలో వరి ఊక సమృద్ధిగా కలిపియున్నారు. మూసిన కొలిమిలో గాలి చాలనందున ఊక పూర్తిగా కాలిపోక బొగ్గుగా నిలిచెను. ఊకలోనున్న సిలికా గట్టి స్ఫటికములుగా మారెను. బంకమట్టినుండి ముల్లైటు అను ఖనిజపు సూదులు మొలిచి, గాజువంటి పదార్థము నడుమ అల్లుకొనెను. సూదులు బీటను అడ్డగించును. బొగ్గు వేడిదెబ్బను సహించును. పరిశోధకులు దీనిని చారిత్రకమైన మిశ్రమ సిరామిక్కుగా గుర్తించి, 1991లో ప్రకటించిరి. కన్వర్టరు ఇటుకలో గ్రాఫైటు చేయు పనికి పోలిన పనిని, కోనసముద్రపు మూసలో వరి ఊక చేసెను.

భీమునిపట్టణపు ఇసుక

ముల్లైటు ప్రస్తావన తిరిగి విశాఖకు దారిచూపును. సింహాచలము మొదలుగా విశాఖ చుట్టునున్న కొండలు చాలవరకు ఖొండలైటు శిలలు. వానిలో గార్నెట్టు, సిల్లిమనైటు అను ఖనిజములు కలవు. కొండ శిథిలమైనప్పుడు వాగులు వీనిని సముద్రమునకు చేర్చును. అలలు తేలిక ఇసుకను కొనిపోయి బరువైనవానిని ఒడ్డున విడుచును. భీమునిపట్టణపు తీరమున నల్లగను ఎర్రగను కనబడు చారలు ఇట్లేర్పడినవే. సిల్లిమనైటును తీవ్రముగా కాల్చినచో ముల్లైటు వచ్చును. ఆ చారలలో ఇల్మెనైటు, మోనజైటులతోపాటు జిర్కానును కలదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తున భూగర్భశాస్త్రాచార్యులైన సి. మహాదేవన్ 1940లలోనే ఈ తీరపు ఇసుకలను పరిశీలించియుండిరి.

జిర్కానునుండి జిర్కోనియా లభించును. దీనిది ఒక వింత స్వభావము. చల్లారునప్పుడు 1,170 డిగ్రీల ప్రాంతమున దీని స్ఫటికపు కట్టుబడి మారి, నూటికి నాలుగు పాళ్ల మేరకు ఉబ్బును. ఆ ఉబ్బుచేత వస్తువంతయు పగిలిపోవును. కొంచెము మెగ్నీషియాను గాని, యిట్రియాను గాని కలిపినచో, రేణువులు ఆ మార్పును పొందక అణగియుండును. బీట తమను సమీపించినప్పుడు మాత్రము అణగియున్న రేణువులు ఒక్కసారిగా ఉబ్బి, బీట మొనను నొక్కి మూసివేయును. దోషమే రక్షకమయ్యెను. ఈ సంగతిని 1975లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు గార్వీ, హానింక్, పాస్కో ప్రకటించుచు, తమ వ్యాసమునకు సిరామిక్ ఉక్కు అను పేరుపెట్టి, దాని చెంత ఒక ప్రశ్నార్థకము నుంచిరి. ఉక్కు నగరపు తీరమున సిరామిక్ ఉక్కునకు మూలద్రవ్యము కలదనుట విశాఖ విద్యార్థి గమనింపదగిన విషయము.

కాలమును కుదించుట

రెండవ త్రోవ తొందర త్రోవ. పొడిని కాల్చుచునే నొక్కినచో సందులు త్వరగా పూడును. బోరాన్ కార్బైడు వంటి మొండి పదార్థములను గ్రాఫైటు అచ్చులలోనుంచి ఇట్లే గట్టిపరతురు. ఇది ఉక్కు బరువులో మూడవ వంతు మాత్రమే తూగును. తుపాకిగుండు మొన దీనికి తగిలి చితికిపోవును, పలకయు పగులును, తునకలను వెనుకనున్న నారపొరలు పట్టుకొనును. భాభా అణు పరిశోధన కేంద్రము రూపొందించిన భాభా కవచము ఈ సూత్రముపైననే ఆధారపడియున్నది. దానిని తయారుచేయు బాధ్యతను హైదరాబాదులోని మిశ్ర ధాతు నిగము వహించినది. పలకలో ఒక్క సందు మిగిలినచో దాని వెల ఒక ప్రాణము.

ఇంతకన్న త్వరితమైన పద్ధతి యొకటి కలదు. అచ్చులోని పొడిని నొక్కుచు, అచ్చుగుండ విద్యుత్ప్రవాహమును తునుకలు తునుకలుగా పంపుదురు. జపానున కియోషి ఇనోవే 1960లలో ఈ పద్ధతికి పేటెంట్లు పొందెను. దీనిని స్పార్క్ ప్లాస్మా సింటరింగు అందురు. ప్లాస్మా నిజముగ పుట్టునా అను విషయమున మాత్రము శాస్త్రజ్ఞులకు ఏకాభిప్రాయము లేదు. వేడి నిమిషమునకు నూరు డిగ్రీలకు మించియు పెరుగును. గంటల పని నిమిషములలో ముగియును. రేణువులు బలియుటకు వ్యవధి చాలదు. హైదరాబాదు చెంత బాలాపూరులో 1997లో రూపొందిన పొడి లోహశాస్త్ర, నవపదార్థ పరిశోధన కేంద్రమున ఈ పద్ధతిపై కృషి జరుగుచున్నది.

వేడియు, దెబ్బయు

నిమిషములకును తగ్గించి, రెప్పపాటులో వేయవ వంతుకన్న తక్కువ కాలములో రేణువులను అతుకవచ్చునా? ప్రకృతి అట్టి పని చేసియున్నది. మహారాష్ట్రలోని లోణార్ సరస్సు ఉల్కాపాతముచేత ఏర్పడినది. దాని వ్యాసము సుమారు 1.8 కిలోమీటర్లు. ఆ తాకిడిచేత అచటి నల్లరాతిలోని ఫెల్డుస్పారు కరగకనే గాజుగా మారిన ఆనవాళ్లు కలవు. 1961లో అమెరికాలో డికార్లీ, జేమీసన్ అను శాస్త్రజ్ఞులు గ్రాఫైటుపై ప్రేలుడు తాకిడిని ప్రయోగించి సూక్ష్మమైన వజ్రపు కణములను పుట్టించిరి.

తాకిడి తరంగము పొడిగుండ సెకనుకు కొన్ని కిలోమీటర్ల వేగమున సాగును. అందలి పీడనము లక్ష వాతావరణముల మేరకును పోగలదు. రేణువులు ఒకదానిపై నొకటి పడి సందులు మూసికొనునప్పుడు, రాపిడి శక్తి యంతయు వాని ఉపరితలముననే వేడిగా మారును. పైచర్మము కరగి అతుకుకొనును. లోపలిభాగము చల్లగనే యుండును. చర్మము వెంటనే గడ్డకట్టును. రేణువు బలియుటకు క్షణమైనను దొరకదు.

అయినను తరంగము దాటిపోయిన వెంటనే దాని వెనుక సాగదీయు బలము పుట్టును. పెళుసైన పదార్థము నొక్కుడును సహించును గాని సాగదీతను సహింపదు. అతికిన పలక అతికిన క్షణముననే బీటలు వారును. పరిష్కారము కమ్మరి యెరిగినదే: అతడు దాగలిపై చల్లని యినుమును కొట్టడు; ఎర్రగ కాల్చి కొట్టును. అట్లే పొడిని ముందుగా వేయి డిగ్రీల ప్రాంతమునకు కాచి, మెత్తబడిన పిమ్మట తాకిడి నిచ్చినచో బీటలు తగ్గును. జార్జియా రాజధాని టిబిలిసిలోని పరిశోధకులు ఈ విధానమును విశేషముగ సాధించిరి.

వేడిని వెలుపలినుండి ఈయక, పొడినుండియే పుట్టించు ఉపాయమును కలదు. 1967లో సోవియట్ శాస్త్రజ్ఞుడు మెర్జానొవ్, ఆయన సహచరులు, కొన్ని పొడుల మిశ్రమమునకు ఒక కొసన నిప్పంటించినచో మంట తానై సాగిపోయి కఠిన పదార్థమును పుట్టించుననుట గుర్తించిరి. టైటానియమును, కర్బనమును ఇట్లు కలియునప్పుడు వేడి 3,000 డిగ్రీల దరిదాపునకు పోవును. వచ్చిన టైటానియం కార్బైడు, విశాఖ సింటరు గడ్డవలె, రంధ్రములతో నిండియుండును. అది ఎర్రగ నున్నప్పుడే దెబ్బవేసినచో రంధ్రములు మూసికొనును. ఇట్లు నిప్పు పదార్థమును పుట్టించును; దెబ్బ దానిని గట్టిపరచును. చిన్న బిళ్లలు ఈ విధమున చక్కగ వచ్చును. పెద్ద పలకలను బీట లేకుండ తీయుట నేటికిని కష్టసాధ్యమే.

పాఠశాలలో ఒక పరీక్ష

ఈ విద్యలో తొలి మెట్టును పరీక్షించుటకు పెద్ద యంత్రములు అక్కరలేదు. ఉపాధ్యాయుడు ఒకే మట్టితో నాలుగు బిళ్లలు చేయించి, రెండింటిలో మాత్రము ఊక కలిపింపవచ్చును. ఆరిన పిమ్మట అన్నిటిని కొలిచి, తూచి, వ్రాసికొని, ఊరి కుమ్మరి ఆవములో కాల్పించి, మరల కొలువవలెను. కుంచించుకొన్న మేర యెంతయో లెక్కకు వచ్చును. ఊక కలిపిన బిళ్ల తేలికయగును. దానిని విరిచి చూచినచో, గాలి చొరని నడిభాగము నల్లగ నుండవచ్చును. కాలిన బిళ్లలను నిప్పులో కాచి నీటిలో వేసినచో ఏది ముందు పగులునో చూడవచ్చును.

కోనసముద్రపు పనివారు ఈ పరీక్షలను చేతితో చేసిరి. ఫలములను కుమారులకు చేతితోనే నేర్పిరి. కొలుములు ఆరిపోవుటతో ఆ చేతులును ఆగిపోయెను. వారు ఎరిగిన దానిలో మిగిలినదంతయు పెంకులలో వెదకి తీయవలసివచ్చినది. అందుచేత బిళ్ల పగిలినను పగులకున్నను, ఆ దినపు కొలతలను, మట్టి యే చెరువుదో, ఊక యెంత పాలో, విద్యార్థి తన పుస్తకమున తేదీ వేసి వ్రాసి యుంచుట ఆ పరీక్షలో కడపటి భాగము.